గణన సంక్లిష్టతా సిద్ధాంతంలో కొత్త ఫలితాన్ని ఆన్‌లైన్‌లో పంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు కళాశాలల్లో అల్గారిథంలు, ఆటోమాటా పాఠాలు చెప్పే మేము కొందరం, ఆసక్తి ఉన్న విద్యార్థులను కలుపుకొని, ఆదివారం ఉదయాల్లో ఒకచోట కూర్చుని కాంప్లెక్సిటీ థియరీ (ఒక సమస్యను తేల్చడానికి ఎంత సమయం, ఎంత జ్ఞాపకస్థలం కావాలో చూసే శాస్త్రం) పత్రాలు చదువుకుంటున్నాం. ఆ వారం ఎంచుకున్న పత్రాన్ని ట్రంకు రోడ్డులోని జిరాక్సు దుకాణంలో ప్రింటు తీయించి తలా ఒక ప్రతి పట్టుకుని, ఒక్కో నిరూపణనూ వాక్యం వాక్యంగా విప్పుకుంటూ వెళతాం. ఇలా చదువుతూ చదువుతూ మనవాళ్లే సొంతంగా ఒక చిన్న ఫలితం సాధించినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నలు తప్పకుండా వస్తున్నాయి. మళ్లీ మళ్లీ అడిగిన వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మా దగ్గర ఉన్నది పంచుకోదగ్గ ‘కొత్త ఫలితం’ అవునో కాదో ఎలా తెలుస్తుంది?

ఒక సమస్యకు ఇంతకన్నా తక్కువ సమయం లేదా తక్కువ జ్ఞాపకస్థలం సరిపోదని చూపే కింది హద్దు, ఇంత చాలని చూపే పై హద్దు, రెండు సంక్లిష్టతా తరగతుల మధ్య సంబంధం, ఒక సమస్య ఎన్‌పి-కంప్లీట్ (జవాబు ఇస్తే త్వరగా సరిచూడగల సమస్యల్లో అన్నిటికన్నా కష్టమైన వాటిలో ఒకటి) అని చూపే రిడక్షన్, అంటే ఒక సమస్యను మరోదానిగా మార్చే పద్ధతి, వంటివి అందరికీ తెలిసినవే. పాత సిద్ధాంతానికి స్పష్టంగా సులభమైన నిరూపణ దొరికినా, అచ్చయిన నిరూపణలో ఉన్న లోపాన్ని కనిపెట్టి సరిదిద్దినా అది పంచుకోదగ్గదే. ఈ రెండో రకాన్ని మనవాళ్లు చాలా తక్కువగా చూస్తారు. ఒక పాత ఉపసిద్ధాంతంలో ‘ప్రతి’ అని ఉండవలసిన చోట ‘ఏదో ఒక’ అని ఉందని గమనించి, అలా మారిస్తే నిరూపణ నిలుస్తుందో లేదో తేల్చిన విద్యార్థి చేసింది పరిశోధనే.

ఎక్కడ పెట్టాలి? ఆర్కైవ్‌లోనా, ఈసీసీసీలోనా?

జర్నల్‌లో అచ్చుకాకముందే పత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఈ రంగంలో ముఖ్యమైన చోట్లు ఈ రెండే, ఆర్కైవ్ (arXiv), ఈసీసీసీ (ECCC). ఆర్కైవ్‌ను పాల్ గిన్స్‌పార్గ్ 1991లో లాస్ అలమోస్‌లో భౌతికశాస్త్రవేత్తల కోసం ప్రారంభించారు. 2001లో అది కార్నెల్ విశ్వవిద్యాలయానికి చేరింది. కంప్యూటర్ సైన్స్ విభాగంలో కాంప్లెక్సిటీకి ప్రత్యేకంగా ఒక ఉపవిభాగం ఉంది. ఈసీసీసీ పూర్తిగా కాంప్లెక్సిటీ కోసమే పుట్టింది. 1994లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో మొదలై, ఇప్పుడు ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి నడుస్తోంది. అక్కడ ప్రతి పత్రానికీ సంవత్సరం, వరుస సంఖ్య కలిపి ఒక గుర్తు ఇస్తారు. ఎంత సమయం పట్టే లెక్కనైనా దాదాపు ఆ సమయపు వర్గమూలమంత జ్ఞాపకస్థలంతోనే చేయవచ్చని చూపిన రయన్ విలియమ్స్ పత్రాన్ని 2025 ఫిబ్రవరి నుంచి అందరూ టీఆర్25-017 అనే వ్యవహరిస్తున్నారు.

ఈ రెండింటి మధ్య తేడా వడపోతలో ఉంది. ఆర్కైవ్‌లో మోడరేటర్లు పత్రం శాస్త్రీయ పద్ధతిలో ఉందా, సరైన విభాగంలో ఉందా అన్నది చూస్తారు కానీ నిరూపణను తనిఖీ చేయరు. ఈసీసీసీలో ఈ రంగానికి చెందిన శాస్త్రవేత్తలే పత్రాన్ని తిరగేసి, విషయం ఉందని, పద్ధతిగా రాశారని అనిపిస్తేనే తీసుకుంటారు. అది కూడా పూర్తి స్థాయి సమీక్ష కాదు. ఇంతకుముందు ఏమీ ప్రచురించని మనలాంటివాళ్లకు ఈసీసీసీ తలుపు కొంచెం ఇరుకు. అయితే ఆ తలుపు దాటిన పత్రాన్ని ఈ రంగంవాళ్లు తప్పక ఒకసారి చూస్తారు. రెండు చోట్లా పెట్టడానికి అడ్డేమీ లేదు. చాలామంది అలాగే చేస్తారు.

సొంత వెబ్‌సైటులోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టి వదిలేయడం మాత్రం సరిపోదని గట్టిగా చెబుతాను. తేదీ, మార్పుల చరిత్ర, ఎన్నేళ్లయినా చెదరని చిరునామా, ఈ మూడూ ఉన్న చోటే నిరూపణకు తగిన చోటు.

జర్నల్‌లో రాకముందే బయటపెడితే ఎవరైనా తమదని చెప్పుకోరా?

ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోను. గుర్తింపు తప్ప మరో ఆస్తి లేని విద్యార్థికి అది నిజమైన భయం. కానీ జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. పత్రం మీద తేదీ పడిన క్షణం నుంచి ఆ తేదీయే మీకు సాక్ష్యం. సొరుగులో దాచిన పత్రానికి సాక్ష్యం ఉండదు.

ఒకే ఫలితం ఒకరికొకరు తెలియని ఇద్దరికి ఒకేసారి తట్టడం ఈ రంగంలో మామూలే. నాన్‌డిటర్మినిస్టిక్ లాగ్ స్థల తరగతి (దారిని ఊహించుకుంటూ, ఇన్‌పుట్ పొడవు లాగరిథమంత జ్ఞాపకస్థలంలోనే తేల్చగల సమస్యలు) తన కాంప్లిమెంటుతో, అంటే అవే సమస్యల్లో అవును, కాదు తారుమారు చేస్తే వచ్చే తరగతితో, సమానమని 1987లో అమెరికాలో నీల్ ఇమర్మన్, బ్రాటిస్లావాలో ఇంకా విద్యార్థిగా ఉన్న రాబర్ట్ సెలెప్‌చేనీ విడివిడిగా నిరూపించారు. 1995లో సైద్ధాంతిక కంప్యూటర్ సైన్స్‌కు ఇచ్చే గోడెల్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ సిద్ధాంతం పేరులో ఈనాటికీ ఆ విద్యార్థి పేరు ఉంది. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లకు చేరని రోజుల్లో, పెద్ద కేంద్రాలకు దూరంగా ఉన్న ఆ కుర్రవాడి ఫలితం సమయానికి అచ్చులోకి వచ్చింది కాబట్టే ఇది సాధ్యమైంది.

మన దేశపు ఉదాహరణ ఇంకా దగ్గరిది. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యేనా అన్నది పాలినామియల్ సమయంలో, అంటే ఇన్‌పుట్ పొడవుకు ఏదో ఒక స్థిర ఘాతాన్ని మించని అడుగుల్లో, తేల్చవచ్చని ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ పూర్తిచేసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి కనుగొన్నారు. 2002 ఆగస్టులో తొమ్మిది పేజీల రాతప్రతిని కొందరు నిపుణులకు ఈమెయిల్‌లో పంపి, తమ విభాగం వెబ్‌సైటులో పెట్టారు. రోజుల వ్యవధిలోనే నిపుణులు సరేనన్నారు. హెండ్రిక్ లెన్‌స్ట్రా సూచనతో నిరూపణ మరింత సరళమైంది. అన్నల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో అచ్చయింది 2004లో. ఆ రెండేళ్లూ దాచుకుని ఉంటే లెన్‌స్ట్రా మెరుగు కూడా దక్కేది కాదు.

పెట్టేముందు ఎవరికి చూపించాలి?

తప్పు పట్టగలిగినవారికి. మెచ్చుకునేవారికి చూపిస్తే నిరూపణకు ఒరిగేదేమీ లేదు. ఇక్కడ ఒక అనుభవం కాస్త వివరంగా చెప్పాలి.

ఒంగోలు నుంచి వచ్చే ఒక విద్యార్థి చీమకుర్తి క్వారీల్లోని గ్రానైట్ దిమ్మెలతో ఒక సమస్య తెచ్చాడు. కొన్ని దిమ్మెల బరువులు ఇస్తే, వాటిని రెండు లారీల్లోకి సరిగ్గా సమాన బరువు పడేలా పంచగలమా? ఇది పార్టిషన్ అని పిలిచే ఎన్‌పి-కంప్లీట్ సమస్యే. అతను ఒక పట్టిక వేశాడు. సున్నా నుంచి మొత్తం బరువు దాకా ఒక్కో గడి, ఆ బరువు కూడుతుందా లేదా అని ఒక్కో టిక్కు. దిమ్మెల సంఖ్యను గడుల సంఖ్యతో గుణిస్తే వచ్చినన్ని అడుగుల్లో జవాబు తేలుతుంది. ‘ఇది పాలినామియలే కదండీ’ అన్నాడు. పత్రం టైపు కూడా చేసేశాడు.

మాలో ఒకరు బల్ల మీదున్న ప్రింటు వెనక్కి తిప్పి కోటి అనే సంఖ్యను బైనరీలో రాయమన్నారు. 24 బిట్లు పట్టాయి. పట్టికకు మాత్రం కోటి గడులు కావాలి. ఆ సంఖ్యకు ఇంకో పది బిట్లు చేర్చమన్నారు. ఇన్‌పుట్ పది బిట్లే పొడవైంది, పట్టిక 1,024 రెట్లు పెరిగింది. అతను పెన్సిల్ పక్కన పెట్టి చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. సమయాన్ని కొలవాల్సింది సంఖ్య విలువతో కాదు, ఆ సంఖ్యను రాయడానికి పట్టే పొడవుతో. అతను వేసిన పట్టిక కూడా తప్పు కాదు. పుస్తకాల్లో సూడోపాలినామియల్ అని పిలిచే, నిజమైన లారీలకు చక్కగా పనికొచ్చే పద్ధతి అది. కానీ అది చెప్పుకున్న సిద్ధాంతం కాదు. ఆ అరగంట జరగకపోయి ఉంటే ఆ పత్రం అతని పేరుతో శాశ్వతంగా ఉండిపోయేది.

దగ్గర్లో చదివేవారు లేకపోతే చెన్నై ఎంతో దూరం లేదు. నెల్లూరు నుంచి రైల్లో సుమారు 175 కిలోమీటర్లు. తరమణిలోని గణిత శాస్త్రాల సంస్థలోనూ, సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ కాంప్లెక్సిటీ మీద పనిచేసేవారు ఉన్నారు. ముందుగా ఈమెయిల్ రాసి, రెండు పేజీల్లో సిద్ధాంతం, నిరూపణలోని కీలకమైన మెట్టు రాసి పంపండి. నలభై పేజీలు జతచేసి ‘చూడగలరు’ అని రాస్తే ఎవరికీ తీరిక దొరకదు.

ఆర్కైవ్ ఎండార్స్‌మెంట్ అడుగుతోంది. అదేమిటి?

ఒక విభాగంలో మొదటిసారి పత్రం పెట్టేవారికి, ఆ విభాగంలో ఇప్పటికే పత్రాలు ఉన్న ఒకరు పూచీ ఇవ్వాలి. 2004 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఆర్కైవ్ మీకు ఒక కోడ్ ఇస్తుంది, దాన్ని వారికి పంపితే వారు నమోదు చేస్తారు. కళాశాల ఈమెయిల్ ఉంటే చాలుతుందని లెక్క వేసుకోవద్దు. పూచీ ఇవ్వడమంటే నిరూపణ సరైనదని సంతకం పెట్టడం కాదు, ఈ వ్యక్తి ఈ రంగానికి తగిన పని చేస్తున్నారని చెప్పడం మాత్రమే. ముక్కూ మొహం తెలియని ఇరవైమందికి ఒకే ఈమెయిల్ పంపకండి. మీరు ఎవరి సిద్ధాంతాన్ని వాడుకున్నారో వారినే అడగండి. వారి ఏ పత్రంలోని ఏ మెట్టు మీకు పనికొచ్చిందో ఒక వాక్యంలో రాస్తే మీరు చదివారని వారికి తెలుస్తుంది.

ఏ వేళకు సమర్పించాలి?

ఆ రోజు జాబితాలో చేరడానికి ఆర్కైవ్ గడువు అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం రెండు గంటలు. మనకది వాళ్ల వేసవి సమయంలో రాత్రి 11:30, మిగతా నెలల్లో అర్ధరాత్రి దాటి 12:30. కొత్త జాబితా మనకు తెల్లవారి 5:30కో, 6:30కో వస్తుంది. శని, ఆదివారాల ఉదయం రాదు. నెల్లూరులో పాలప్యాకెట్లు ఇంటికి వచ్చే వేళకే ప్రిన్స్‌టన్‌లోనూ ఇక్కడా ఒకే జాబితా ఒకేసారి తెరుచుకుంటుందన్న సంగతి నాకు ఇప్పటికీ సంతోషాన్ని ఇస్తుంది. మా గురువుల కాలంలో ఒక విదేశీ జర్నల్ సంచిక కోసం చెన్నై గ్రంథాలయాలకు వెళ్లవలసి వచ్చేది.

గణిత పత్రాలు టైపు చేసే లేటెక్‌లో రాసి ఉంటే పీడీఎఫ్ కాకుండా మూలఫైళ్లనే ఇవ్వాలి. ఆ ఫైళ్లను పాఠకులు కూడా దించుకోగలరు కాబట్టి, మీ కోసం రాసుకున్న వ్యాఖ్యల వరుసలన్నీ తీసేసి పంపండి.

పెట్టిన తరవాత తప్పు దొరికితే?

వెంటనే, మీ నోటితో మీరే చెప్పాలి. మీ ఫలితం మీద ఇప్పటికే ఎవరో ఇంకో పత్రం కడుతూ ఉండవచ్చు, కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి రోజూ వారి రోజు కూడా వృథా అవుతుంది.

లాస్లో బాబాయ్ చేసినది మా విద్యార్థులకు ప్రతి ఏడాదీ చెబుతాను. గ్రాఫ్ ఐసోమార్ఫిజం సమస్యకు (బిందువుల పేర్లు మారిస్తే రెండు గ్రాఫులు ఒకటే అవుతాయా అన్న ప్రశ్న) క్వాసీపాలినామియల్, అంటే పాలినామియల్ కన్నా కాస్తే ఎక్కువ సమయం పట్టే, అల్గారిథం దొరికిందని ఆయన 2015 నవంబరులో ప్రకటించి, డిసెంబరులో ఆర్కైవ్‌లో పెట్టారు. ముప్పై ఏళ్లకు పైగా కదలని హద్దు కదిలింది. హరాల్డ్ హెల్ఫ్‌గాట్ ఆ నిరూపణను ఆసాంతం చదివి, సమయ విశ్లేషణలో ఒక మెట్టు నిలవదని కనిపెట్టారు. బాబాయ్ 2017 జనవరి 4న తన మాటను బహిరంగంగా వెనక్కి తీసుకున్నారు. అల్గారిథం పనిచేస్తుంది కానీ చెప్పినంత వేగం నిలవదని, ఎంతవరకు నిలుస్తుందో అంతవరకు చెప్పారు. ఐదు రోజుల తరవాత, జనవరి 9న, ఆ మెట్టును సరిదిద్దానని ప్రకటించారు. ఆయన గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు, పెరిగింది. తప్పు పట్టిన హెల్ఫ్‌గాట్ పేరు కూడా ఆ సిద్ధాంతంతో పాటు నిలిచింది.

పద్ధతి విషయానికొస్తే, ఆర్కైవ్‌లో సరిచేసిన ప్రతి రెండో వెర్షన్‌గా చేరుతుంది, మొదటిది అలాగే ఉంటుంది. సరిదిద్దలేకపోతే ఉపసంహరణ నోటు పెట్టవచ్చు, అప్పుడూ పాత వెర్షన్లు చెరగవు. ఈసీసీసీలో సవరణ ప్రతులతో పాటు వ్యాఖ్యలు జతచేసే వీలు ఉంది. కొత్త వెర్షన్‌లో ఏ ఉపసిద్ధాంతం మారిందో, ఎవరు చెబితే మారిందో మొదటి పేజీలోనే రాయండి. ‘చిన్న సవరణలు’ అని రాసి ప్రధాన సిద్ధాంతపు హద్దునే మార్చేయడం చదివేవారికి చేసే అన్యాయం.

పి, ఎన్‌పి సమానం కావని నిరూపించాననుకుంటున్నాను. ఏం చేయాలి?

పి అంటే పాలినామియల్ సమయంలో తేలే సమస్యలు, ఎన్‌పి అంటే జవాబు ఇస్తే అంతే సమయంలో సరిచూడగల సమస్యలు. ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ నేను నవ్వకుండా కూర్చుని వింటాను, ఎందుకంటే ఈ సమస్య మీద మనసు పారేసుకోని వ్యక్తి ఈ రంగంలోకే రాడు. అయితే పెట్టేముందు మీ నిరూపణను మూడు గోడలకు తాకించి చూడండి. 1975లో బేకర్, గిల్, సోలొవే చూపిన ప్రకారం, ఏ ఒరాకిల్ (అడిగిన ప్రశ్నకు ఒక్క అడుగులో జవాబిచ్చే ఊహాయంత్రం) ఇచ్చినా మారకుండా పనిచేసే వాదన ఏదీ ఈ సమస్యను తేల్చలేదు. 1990లలో రజ్‌బోరొవ్, రుడిచ్ చూపిన ‘సహజ నిరూపణల’ అడ్డంకి, సర్క్యూట్ల (అండ్, ఆర్, నాట్ గేట్ల వలల) మీద మనం చేసే చాలా వాదనలు బలమైన సూడోర్యాండమ్ ఫంక్షన్లు (లెక్కించి తయారుచేసినా యాదృచ్ఛికంగా కనిపించేవి) ఉన్నంతకాలం విఫలమవుతాయని చెబుతుంది. 2008లో ఆరన్‌సన్, విగ్డర్సన్ మూడో గోడ చూపారు, ఒరాకిల్‌కు బీజగణిత విస్తరణ ఇచ్చినా అదే గతి పడుతుందని. మీ వాదన ఈ మూడింటినీ ఎక్కడ తప్పించుకుంటోందో ఒక్కో పేరాలో రాయలేకపోతే అది ఇంకా సిద్ధం కాలేదు.

నాలుగో పరీక్ష అన్నిటికన్నా సులభం, అన్నిటికన్నా పదునైనది. మీ నిరూపణలో 3-శాట్ (మూడేసి అవును-కాదు చరరాశుల షరతులన్నీ ఒకేసారి నెరవేరతాయా అని అడిగే ఎన్‌పి-కంప్లీట్ సమస్య) పేరు తీసి 2-శాట్ లేదా ఎక్సార్-శాట్ పేరు పెట్టండి. ఒక్కో షరతులో రెండే చరరాశులుండే 2-శాట్, షరతులన్నీ ఎక్సార్ సమీకరణాలైన ఎక్సార్-శాట్, ఆ రెండూ పాలినామియల్ సమయంలో తేలేవే. అయినా మీ నిరూపణ వాక్యాలు చెక్కుచెదరకుండా నిలబడుతున్నాయంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. 2010 ఆగస్టులో పి, ఎన్‌పి సమానం కావన్న వినయ్ దేవళాలికర్ రాతప్రతి వెలువడినప్పుడు ప్రపంచమంతటి నిపుణులు కలిసి వారం రోజుల్లో వేసిన ప్రశ్నల్లో ఎక్సార్-శాట్ ప్రశ్న ముఖ్యమైనది. 2017 ఆగస్టులో అదే చెప్పిన నోర్బర్ట్ బ్లుమ్ పత్రానికి ఎదురైన ప్రశ్న కూడా ఈ జాతిదే. ఎవా టార్డోష్ 1988లో చూపిన ఒక మోనోటోన్ ఫంక్షన్ (ఇన్‌పుట్‌లో సున్నాను ఒకటి చేస్తే జవాబు ఒకటి నుంచి సున్నాకు పడనిది), నాట్ గేట్లు లేని సర్క్యూట్లకు అతి కష్టం, మామూలుగా మాత్రం పాలినామియల్ సమయంలో తేలుతుంది. బ్లుమ్ వాదన దానికీ వర్తించేలా ఉంది. ఆయన ఆ నెలాఖరులోపే ఆర్కైవ్‌లో నిరూపణ తప్పని రాసి ఉపసంహరించుకున్నారు. అలా చేసినందుకు ఆయన మీద నాకు ఎంతో గౌరవం.

ఈ సమస్యను తేల్చినవారికి క్లే గణిత సంస్థ ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతి గురించి కూడా అడుగుతారు. ఆన్‌లైన్‌లో పెట్టినంత మాత్రాన అది రాదు. సమీక్ష ఉన్న చోట ప్రచురణ జరిగి, ఆ తరవాత రెండేళ్లయినా గడిచి, గణిత సమాజం ఒప్పుకోవాలి.

ముందే ఆన్‌లైన్‌లో ఉంటే సదస్సులు, జర్నళ్లు తిరస్కరించవా?

ఈ రంగంలో తిరస్కరించవు. స్టాక్, ఫాక్స్, సీసీసీ వంటి ప్రధాన సదస్సులకు వచ్చే పత్రాల్లో చాలావరకు అప్పటికే ఆర్కైవ్‌లోనో ఈసీసీసీలోనో ఉంటాయి. సమీక్షకులకు పేర్లు కనిపించకుండా పంపాలన్న నియమం ఉన్నప్పుడు ఆ ఏడాది ప్రకటనను చదివి, సమర్పించే ప్రతిలో పేర్లు తీసేస్తే సరిపోతుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం మన చుట్టూ ఉంది. పదోన్నతికి ప్రచురణలు కావాలని ఒత్తిడి ఉన్న కళాశాలల్లో, వారంలో సమీక్ష పూర్తిచేసి రుసుము అడిగే జర్నళ్లకు పత్రాలు పంపడం అలవాటైపోయింది. నా తొలి పత్రాన్ని నేనూ అలాంటి చోటికే పంపాను. సమీక్ష పేరుతో వచ్చింది రెండు వాక్యాలు, అందులో ఒకటి ఫాంటు సైజు గురించి. నిరూపణలోని తప్పును ఏళ్ల తరవాత నేనే కనిపెట్టాను, సరిదిద్దుకునే వీలు అక్కడ లేదు. రచయిత నుంచీ పాఠకుడి నుంచీ రూపాయి అడగని థియరీ ఆఫ్ కంప్యూటింగ్ వంటి జర్నల్ 2005 నుంచి నడుస్తుండగా ఆ దారి పట్టవలసిన అవసరం ఎవరికీ లేదు.

రచయితల పేర్ల వరుస ఎలా ఉండాలి?

ఈ రంగంలో ఇంటిపేర్ల ఇంగ్లీషు అక్షరక్రమంలో రాస్తారు. ముందున్నవారు ఎక్కువ చేశారని, చివరివారు తక్కువ చేశారని అర్థం కాదు. ఒక ఎంపిక సంఘం ముందు నా సహోద్యోగి ఒకరు ‘మీరు మూడో రచయితే కదా’ అన్న మాటకు మార్కులు పోగొట్టుకున్నారు. అందుకే ఇప్పుడు మేము మొదటి పేజీ అడుగున పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయని ఒక వాక్యం రాస్తున్నాం.

తెలుగులో రాయవచ్చా?

ఆర్కైవ్‌కు ఇంగ్లీషు తప్పదు. కానీ మీ ఫలితాన్ని తెలుగులో నాలుగు పేజీల్లో విడిగా రాయమని నేను ప్రతి విద్యార్థినీ అడుగుతాను. ఇంగ్లీషు పారిభాషిక పదాలు తీసేసి మన మాటల్లో చెప్పబోతేనే, నిరూపణలో మనకే అర్థంకాని మెట్టు ఏదో బయటపడుతుంది.

నిరూపణ రాయడానికి కృత్రిమ మేధ సాయం తీసుకోవచ్చా?

అలాంటి సాధనాన్ని రచయితగా చూపకూడదని ఆర్కైవ్ నియమం. వాడినట్టయితే తెలపాలి. ప్రతి వాక్యానికీ పేరు పెట్టుకున్న మనిషే బాధ్యుడు. నల్లబల్ల దగ్గర నిలబడి కాగితం చూడకుండా చెప్పలేని ఉపసిద్ధాంతాన్ని మీ పత్రంలో ఉంచకండి.

పెట్టి మూడు నెలలైంది, ఎవరూ పలకలేదు. ఏం చేయాలి?

కొత్త ఫలితాలు నెమ్మదిగా అల్లుకుంటాయి. ట్రీ ఎవాల్యుయేషన్ సమస్యను (చెట్టు ఆకారంలో పేర్చిన లెక్కల్లో వేరు దగ్గరి జవాబు కనుక్కోవడం) అనుకున్నదానికన్నా చాలా తక్కువ స్థలంలో తేల్చవచ్చని జేమ్స్ కుక్, ఇయాన్ మెర్ట్స్ చూపిన తరవాత ఏడాదికి పైగా గడిచాకే, పైన చెప్పిన విలియమ్స్ ఫలితం దాని మీద నిలిచి వచ్చింది. ఈలోగా మీరు వాడుకున్న సిద్ధాంతాల రచయితలకు ఒక్క పేరా ఈమెయిల్ రాయండి, సెమినార్ ఇచ్చే అవకాశం అడగండి. మా ఆదివారపు చదువుకు కూడా రావచ్చు. వచ్చేటప్పుడు ఆరు ప్రతులు, ఒకవైపే ప్రింటు తీసినవి తీసుకురండి, వెనకవైపు లెక్కలు వేయడానికి కావాలి.